ఇంటి మాట: మన తర్వాత పిల్లలకు ఎవరు?

ఈ సంచికకు ఎండాకాలం ఇంటి ఖర్చుల గురించి రాద్దామని కాగితాలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. అంతలో ఒక ఉత్తరం వచ్చింది. అది చదివాక ఆ కాగితాలు పక్కన పెట్టేశాను. ఖర్చుల సంగతి వచ్చే సంచికలో చూసుకోవచ్చు.

ఉత్తరం రాసిన సోదరి తన పేరు, ఊరు అచ్చు వేయవద్దని కోరింది. బళ్ళారిలో జీన్స్ ప్యాంట్లు కుట్టేచోట పని చేస్తుంది. ఐదో తరగతి చదివే పాప ఉంది. భర్త ఆరేళ్ళ కిందట ఇల్లు విడిచి వెళ్ళి వేరే ఊళ్ళో ఉంటున్నాడు. విడాకులు కాలేదు, రాకపోకలూ లేవు. నగలు అమ్మి, చీటీ పాట పాడి తన పేరున చిన్న ఇల్లు కొనుక్కుంది. ఆలూరు వైపు తండ్రి రాసిచ్చిన రెండెకరాల చేను కూడా ఉంది. "అక్కా, ఈమధ్య ఒంట్లో బాగుండడం లేదు. డాక్టరు భయం లేదన్నాడు గానీ రాత్రిళ్ళు నిద్ర రావడం లేదు. నాకేమైనా అయితే నా పాప ఎవరి చేతికి పోతుంది? ఈ ఇల్లు దానికి మిగులుతుందా?" ఇంతే ఆమె ప్రశ్న.

ఇది ఆమె ఒక్కదాని ప్రశ్న కాదు. భర్త పోయినవారు, భార్య పోయినవారు, విడిపోయినవారు, పెళ్ళి లేకుండానే బిడ్డను పెంచుకుంటున్నవారు మన సంఘం కుటుంబాల్లోనే ఎందరో ఉన్నారు. ఇంటికి పెద్ద ఒక్కరే అయినప్పుడు ఆ ఒక్కరి తర్వాత ఏమిటన్న మాట ఎవరూ ఎత్తరు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసునని మన పెద్దలన్నారు. వాన సంగతి బళ్ళారి వాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. రెండోదాని గురించి మాట్లాడడమే మనకు అశుభం.

చిత్రమేమిటంటే మనది వకీళ్ళ ఊరు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు, కోలాచలం శ్రీనివాసరావు గారు, బళ్ళారి రాఘవ గారు నాటకానికి పేరు తెచ్చిన ముగ్గురూ నల్లకోటు వేసుకుని కోర్టుకు వెళ్ళినవారే. అయినా మన ఇళ్ళలో పెళ్ళి పత్రిక అచ్చు వేయించడానికి ఉన్న శ్రద్ధ వీలునామా రాయడానికి ఉండదు. నేను వకీలును కాను, బడిలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. అయితే ఈ దారిలో ఒకసారి కాళ్ళు కాల్చుకున్నదాన్ని కాబట్టి ముందు ఆ సంగతి చెబుతాను.

మూడు వాటాల ఇల్లు

మావారు 1996లో పోయారు. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్ళు. ఆయన వీలునామా రాయలేదు. నలభై నిండని మనిషికి వీలునామా ఏమిటని ఇద్దరమూ ఎన్నడూ ఆ ఊసు ఎత్తలేదు. ఇల్లు, ఊరి చివర ఒక స్థలం ఆయన సంపాదించినవి, ఆయన పేరునే ఉండేవి. ఇక అవి నావే కదా అనుకున్నాను. కావని తర్వాత తెలిసింది.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మగవాడు వీలునామా లేకుండా పోతే అతని స్వార్జితం భార్యకూ, కొడుకులు కూతుళ్ళకూ, తల్లికీ సమానంగా వెళుతుంది. మొదటి వరుసలో తండ్రికి వాటా లేదు గానీ తల్లికి ఉంది. అంటే నాకు మూడోవంతు, మా అమ్మాయికి మూడోవంతు, మా అత్తగారికి మూడోవంతు. బ్యాంకులో ఉన్న డిపాజిట్టుకు ఆయన పెళ్ళికి ముందెప్పుడో నామినీగా తల్లి పేరు రాశారు. పెళ్ళయ్యాక మార్చడం మరిచిపోయారు.

ఆస్పత్రి అప్పు తీర్చడానికి స్థలం అమ్మకానికి పెట్టాను. బేరం కుదిరింది. తీరా చూస్తే అందులో మైనరు వాటా ఉంది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 8వ సెక్షను ప్రకారం మైనరు పేరున ఉన్న స్థిరాస్తిని కన్నతల్లి అయినా, కన్నతండ్రి అయినా కోర్టు ముందస్తు అనుమతి లేకుండా అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. కోర్టు చుట్టూ తిరిగేలోగా కొనేవాళ్ళు వేరే స్థలం చూసుకున్నారు. వడ్డీ పెరిగింది. చివరికి అనుమతి వచ్చింది. అమ్మాయి వాటా సొమ్ము ఆమెకు పద్దెనిమిదేళ్ళు నిండేవరకు బ్యాంకులో ఉంచాలన్న షరతుతో వచ్చింది. ఆ రోజు విసుక్కున్నాను. పిల్లల సొమ్ము దిగమింగే పెద్దలుంటారని ఆ షరతు పెట్టారని ఇప్పుడు అర్థమవుతుంది.

మా అత్తగారు చదువుకోలేదు. రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్ళి, హక్కు విడుదల పత్రమంటే ఏమిటో నేను నసుగుతూ చెబుతుంటే ఆమె మధ్యలోనే ఆపి, "ఏలిముద్ర యాడ ఎయ్యల్లో సూపీమ్మా. నాకు మాత్రం ఇంకెవురుండారు?" అంది. డిపాజిట్టు డబ్బు కూడా తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆమె వల్ల నేను బయటపడ్డాను. అందరికీ అటువంటి అత్తగారు దొరకదు. దొరికినా ఆమె చుట్టూ ఉన్నవాళ్ళు ఆమెను అలా ఉండనివ్వరు. మావారు ఒక తెల్ల కాగితం మీద పది వాక్యాలు రాసి ఉంటే ఇందులో చాలా భాగం జరిగేది కాదు.

వీలునామా లేకపోతే

ఇప్పుడు మన సోదరి సంగతి. హిందూ స్త్రీ వీలునామా లేకుండా పోతే 15వ సెక్షను ప్రకారం ఆమె ఆస్తి ముందుగా కొడుకులు, కూతుళ్ళు, భర్త వీరందరికీ సమానంగా వెళుతుంది. ఆరేళ్ళుగా ముఖం చూపించకపోయినా విడాకులు కానంతవరకు అతను చట్టం దృష్టిలో భర్తే. అంటే నగలమ్మి కొన్న ఇంట్లో సగం పాపకు, సగం అతనికి. తండ్రి ఇచ్చిన చేను కూడా అంతే. పుట్టింటి ఆస్తి తిరిగి పుట్టింటికే పోతుందని చాలామంది అనుకుంటారు. పిల్లలు లేని స్త్రీ విషయంలోనే, అదీ తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తికే ఆ నియమం. పిల్లలున్నప్పుడు భర్తకు వాటా ఉంటుంది. విడాకుల డిక్రీ వచ్చి ఉంటే మాత్రం అతను వారసుడు కాడు.

వీలునామా రాస్తే ఈ లెక్క మారిపోతుంది. తన పేరున ఉన్న ఇల్లు, చేను మొత్తం పాపకే చెందాలని ఆమె రాయవచ్చు. భర్త అనుమతి అక్కరలేదు, అతనికి చెప్పనూ అక్కరలేదు. ఈ చట్టం వీరశైవులకు, జైనులకు, బౌద్ధులకు, సిక్కులకు కూడా వర్తిస్తుంది. క్రైస్తవ సోదరులకు 1925 నాటి భారత వారసత్వ చట్టమే వారసత్వానికీ ఆధారం. వారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. వీలునామా రాశాక పెళ్ళి చేసుకుంటే పాత వీలునామా రద్దయిపోతుంది, మళ్ళీ రాయాలి. ముస్లిం సోదరులు వారసుల సమ్మతి లేకుండా ఆస్తిలో మూడోవంతుకు మించి వీలునామా రాయడానికి వారి ధర్మశాస్త్రం ఒప్పుకోదు.

వీలునామా రాయడం ఎలా

కన్నడంలో ఉయిలు అంటారు, మనం వీలునామా అంటాం. రెండూ ఇంగ్లీషు విల్లు నుంచి వచ్చినవే. స్టాంపు కాగితం అక్కరలేదు. తెల్ల కాగితం చాలు. టైపు చేయించవచ్చు, చేత్తో రాయవచ్చు. 63వ సెక్షను కోరేది ఒక్కటే. రాసినవారు సంతకం గానీ వేలిముద్ర గానీ వేయాలి, దాన్ని చూసిన ఇద్దరు సాక్షులు రాసినవారి ఎదుట తామూ సంతకం చేయాలి. సాక్షులు లోపల ఏముందో చదవనక్కరలేదు. ఆస్తి పొందేవారిని, వారి భార్యాభర్తలను సాక్షులుగా పెట్టకండి. మీకంటే చిన్నవాళ్ళను పెట్టండి, ఎందుకంటే రేపు తగాదా వస్తే సాక్షుల్లో ఒక్కరైనా కోర్టులో నిలబడి చెప్పాలి. ఒంట్లో బాగుండనప్పుడు రాస్తే డాక్టరు గారినే ఒక సాక్షిగా పెట్టుకోవడం మంచిది. ప్రతి పుటకూ సంతకం, చివర తేదీ మరువవద్దు. ఎన్ని రాసినా చివరిదే చెల్లుతుంది కనుక "ఇంతకుముందు రాసినవన్నీ రద్దు" అని మొదట్లోనే ఒక వాక్యం రాయండి.

వీలునామాను అమలు జరిపే బాధ్యుడు ఒకరుండాలి. ఎగ్జిక్యూటరు అంటారు. నిదానస్తుడై, కాగితాలంటే భయం లేని మనిషిని ఎంచుకోండి.

రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, కానీ చేయించమనే నా సలహా. రిజిస్టరు చేస్తే ఊరందరికీ తెలిసిపోతుందని భయపడతారు. ఆ భయం అక్కరలేదు. రాసినవారు బతికి ఉన్నంతకాలం వీలునామా నకలు వారికి తప్ప మరొకరికి ఇవ్వరు. ఇంకా గుట్టుగా ఉంచాలనుకుంటే కవరులో పెట్టి సీలు వేసి జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచే ఏర్పాటు 1908 నాటి రిజిస్ట్రేషను చట్టంలోనే ఉంది. అసలు ప్రతిని బ్యాంకు లాకరులో ఒక్కచోటే పెట్టకండి. మీ తర్వాత ఆ లాకరు తెరవడానికే కాగితాలు అడుగుతారు. ఎక్కడుందో ఎగ్జిక్యూటరుకు చెప్పి ఉంచండి.

బిడ్డ ఎవరి దగ్గర పెరగాలి

ఇది అన్నిటికంటే బరువైన ప్రశ్న. చట్టంలో పెళ్ళయిన దంపతుల బిడ్డకు తండ్రి, అతని తర్వాత తల్లి సహజ సంరక్షకులని రాసి ఉంది. రచయిత్రి గీతా హరిహరన్ తన మైనరు కొడుకు పేరిట రిజర్వు బ్యాంకు బాండ్లకు తాను సంతకం పెడితే చెల్లదన్నారు. ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1999లో తీర్పు వచ్చింది. "తండ్రి తర్వాత" అంటే తండ్రి మరణించాక అనే కాదు, బిడ్డను పట్టించుకోకుండా ఉన్నా, అందుబాటులో లేకున్నా తల్లే సహజ సంరక్షకురాలని కోర్టు చెప్పింది. పెళ్ళి లేకుండా పుట్టిన బిడ్డకు తల్లే మొదటి సంరక్షకురాలు. ఆమె తండ్రి పేరు చెప్పనక్కరలేకుండానే కోర్టు నుంచి సంరక్షకత్వం పొందవచ్చని 2015లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

భర్తను పోగొట్టుకున్న తల్లి తన వీలునామాలో బిడ్డకు సంరక్షకులను నియమించవచ్చు. తల్లి లేని బిడ్డను పెంచే తండ్రి కూడా నియమించవచ్చు. విడిపోయిన దంపతుల్లో రెండోవారు బతికి ఉంటే మాత్రం చిక్కు ఉంది. విడాకులు తీసుకున్న తండ్రి తన తమ్ముణ్ణి సంరక్షకుడిగా రాసినా, బిడ్డ తల్లి ఉన్నంతవరకు ఆ నియామకం పని చేయదు. మన సోదరి తన చెల్లెల్ని రాసినా, తండ్రి వచ్చి నేనున్నానని అనవచ్చు. అతను సంరక్షకత్వానికి అర్హత కోల్పోయాడని తేలితేనే ఆమె నియామకం నిలుస్తుంది.

అయితే రాయడం వృథా అనుకోకండి. కోర్టుకు బిడ్డ క్షేమమే మొదటి లెక్క అని అదే చట్టం 13వ సెక్షను చెబుతుంది. ఎవరి దగ్గర పెరగాలని తల్లి కోరుకుంది, ఎందుకు కోరుకుంది అన్నది వీలునామాలో శాంతంగా, తిట్లు లేకుండా రాసి ఉంచాలి. బడి ఫీజు రసీదులు, ఆస్పత్రి చీటీలు, ఎవరు కట్టారో తెలిపే కాగితాలు ఒక సంచిలో దాచాలి. ఇంకా మంచిది, ఆరోగ్యంగా ఉన్నప్పుడే విడాకుల విషయమో, 1890 నాటి సంరక్షకుల చట్టం కింద కోర్టు ఉత్తర్వో తేల్చుకోవడం. వకీలు ఫీజుకు వెనుకాడవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. జిల్లా న్యాయసేవల ప్రాధికార సంస్థలో అడగండి.

ఎవరిని నియమించినా ముందు వారిని అడగండి. 1997లో నేను వీలునామా రాసేటప్పుడు గుంతకల్లులో ఉన్న మా అన్నయ్య పేరు రాద్దామనుకున్నాను. అన్నయ్య ఆలోచించకుండానే సరే అన్నాడు. కానీ పిల్లకు అన్నం పెట్టేది వదిన. ఆమెను విడిగా వంటింట్లో అడిగాను. వదిన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పిల్ల మాకు బరువు కాదు. దాని డబ్బు మా ఇంట్లో ఉంటే మాత్రం రేపు ఎవరో ఒక మాట అంటారు. ఆ లెక్క వేరేవాళ్ళకు అప్పజెప్పు" అంది. నేను అంతవరకు చూడని సంగతి అది. అందుకే అమ్మాయి మేనమామ ఇంట్లో పెరగాలని, ఆస్తి లెక్క మా మరిది చూడాలని రాశాను. చట్టం కూడా మనిషికి ఒకరిని, ఆస్తికి ఒకరిని వేరువేరుగా నియమించనిస్తుంది. మొదటివారికి వీలుకాకపోతే ఎవరన్నది రెండో పేరుగా రాయడం మరువవద్దు.

సొమ్ము ఎవరి చేతిలో

బిడ్డ పేరున అంతా రాసేస్తే సరిపోతుందా? మైనరు ఆస్తిని చూసుకునే హక్కు సంరక్షకుడిది. మన సోదరి విషయంలో ఆ సంరక్షకుడు తిరిగి వచ్చిన తండ్రే కావచ్చు. పైగా పద్దెనిమిది నిండిన మరునాడు ఇల్లూ పొలమూ నగదూ అంతా పిల్ల చేతికి వస్తుంది. ఆ వయసులో మనకెంత బుద్ధి ఉండేదో మనకు తెలుసు.

దీనికి మార్గం ఉంది. వీలునామాలోనే ఒక ట్రస్టు ఏర్పాటు చేయవచ్చు. "నా ఆస్తిని నా కూతురి కోసం ఫలానా ఇద్దరు ట్రస్టీలు చూడాలి. అద్దె, కౌలు ఆమె చదువుకు, వైద్యానికి ఖర్చు పెట్టాలి. ఇరవై ఐదేళ్ళు నిండాక మొత్తం ఆమెకు అప్పగించాలి" అని రాస్తే చాలు. ఇది శ్రీమంతుల వ్యవహారం కాదు, చిన్న ఇంటికీ పనికొస్తుంది. ఆస్తి ట్రస్టీల పేరున ఉంటుంది కాబట్టి తండ్రి సంరక్షకుడిగా వచ్చినా పిల్లను చూడగలడు గానీ ఇల్లు అమ్మలేడు. ట్రస్టీలు ఏటా లెక్క చూపాలని, అవసరమైతే ఆస్తి అమ్మే అధికారం ఉందో లేదో కూడా స్పష్టంగా రాయండి. ఈ భాగం మాత్రం వకీలు చేత రాయించుకోండి.

నామినీ యజమాని కాదు

ఈ ఒక్క మాట పలక మీద రాసి గోడకు తగిలించాలి. నామినీ డబ్బు తీసుకునే మనిషి మాత్రమే. వారసులకు పంచవలసిన బాధ్యత అతనిది. బీమా విషయంలో 1983లో, బ్యాంకు డిపాజిట్ల విషయంలో 2010లో, వాటాల విషయంలో 2023లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లలు నామినీలైతే ఆ సొమ్ము వారికే చెందుతుంది. అందుచేత పాలసీలో పాత పేరు ఉండిపోతే ప్రమాదం మరీ ఎక్కువ.

మైనరును నామినీగా పెట్టినప్పుడు ఆమె తరఫున డబ్బు తీసుకునే పెద్దవారి పేరు కూడా రాయాలి. ఆ గడి ఖాళీగా వదిలేసేవాళ్ళే ఎక్కువ. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి దాకా నామినీలను పెట్టవచ్చు, ఎవరికెంత శాతమో కూడా రాయవచ్చు. తోరణగల్లు ఉక్కు కర్మాగారంలో, దోణిమలై గనుల్లో, ఇంకా ఎక్కడ పని చేస్తున్నా పి.ఎఫ్. కాగితం ఒకసారి తీసి చూడండి. పెళ్ళితో పాత నామినేషను చెల్లకుండా పోతుంది. స్త్రీ సభ్యురాలు భర్తను తన కుటుంబం లెక్క నుంచి మినహాయించమని రాసిచ్చే వీలు 1952 నాటి పి.ఎఫ్. పథకంలో పెట్టారు. విడిగా ఉంటున్న సోదరీమణులు ఆ సంగతి ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

పదేళ్ళు ఎవరూ ముట్టని డిపాజిట్టు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్ళిపోతుంది. వారసులు అడిగితే తిరిగి ఇస్తారు, కానీ ఉందని తెలిస్తే కదా అడిగేది! 2023లో రిజర్వు బ్యాంకు ఉద్గమ్ అనే వెతుకులాట ఏర్పాటు తెచ్చింది. పోయినవారి పేరున మరిచిపోయిన ఖాతాలున్నాయేమో అందులో చూడవచ్చు.

సరిహద్దు ఇళ్ళ సంగతి

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు వెళ్ళాయి, బళ్ళారి మైసూరు వైపు వచ్చింది. గీత గీసినవాళ్ళు మన చేలూ ఇళ్ళూ చూసి గీయలేదు. ఇల్లు ఇక్కడ, పొలం అక్కడ ఉన్న కుటుంబాలు నేటికీ ఎన్నో. రెండు రాష్ట్రాల ఆస్తికీ ఒకే వీలునామా చాలు. దాన్ని బళ్ళారిలో రిజిస్టరు చేసినా ఆలూరు చేనుకు చెల్లుతుంది. కాకపోతే ఆస్తి వివరాలు ఎక్కడివక్కడి మాటల్లో రాయాలి. ఇక్కడ పహణి, ఖాతా. అక్కడ అడంగల్, వన్ బి, పట్టాదారు పాసు పుస్తకం. సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు తప్పకూడదు. మీ తర్వాత పేరు మార్చడానికి ఇక్కడ వంశవృక్షం, అక్కడ కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అడుగుతారు.

భాష ఏదైనా వీలునామా చెల్లుతుంది. మనసులో మాట తెలుగులోనే రాయండి. రిజిస్ట్రారుకు తెలియని, ఆ జిల్లాలో వాడుకలో లేని భాషలో ఉన్న దస్తావేజుకు అనువాదం జత చేయాలని చట్టం. బళ్ళారిలో తెలుగు వాడుకలో లేదని ఎవరనగలరు! అయినా ఒక కన్నడ ప్రతి జత చేస్తే ఆఫీసు పని సాఫీగా సాగుతుంది.

ఇంకొకటి. పిత్రార్జితంలో కూతుళ్ళకు హక్కు ఆంధ్రలో 1985 సెప్టెంబరు నుంచి, కర్ణాటకలో 1994 జులై నుంచి వచ్చింది. అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకే అది. 2005లో కేంద్ర చట్టం ఆ తేడా తీసేసింది, 2020లో సుప్రీంకోర్టు తీర్పు మిగిలిన అనుమానాలు తీర్చింది. అంచేత ఒంటరి తల్లులూ, పుట్టింటి పిత్రార్జితంలో మీకు రావలసిన వాటా పంచుకోకపోయినా సరే, అది కూడా మీ బిడ్డకు చెందాలని వీలునామాలో ఒక వాక్యం రాసి ఉంచండి.

సోదరికి నా జవాబు

అమ్మా, ఈ నెలలోనే వీలునామా రాయి. ఇల్లు, చేను పాపకే చెందేలా ట్రస్టు పెట్టు. నమ్మకమైన ఇద్దరిని ట్రస్టీలుగా అడుగు. పాప ఎవరి దగ్గర పెరగాలో కారణంతో సహా రాయి. బ్యాంకు, పి.ఎఫ్., బీమా మూడింటి నామినేషనూ చూసుకో. న్యాయసేవల ఆఫీసుకు ఒకసారి వెళ్ళు. ఒంటరిగా వెళ్ళడానికి బెరుకైతే సంఘం ఆఫీసుకు రా, నేను తోడు వస్తాను. మీ ఆయన సంగతి మాత్రం చట్టం పూర్తిగా నీ చేతుల్లో పెట్టలేదు. అది దాచి నీకు ధైర్యం చెప్పలేను. కానీ ఇల్లు పాపకు మిగులుతుంది. అది నీ చేతిలోనే ఉంది.

చివరగా చట్టం అడగని కాగితం ఒకటుంది. 1997లో నా వీలునామాతోపాటు వదినకు ఒక ఉత్తరం రాసి అదే కవరులో పెట్టాను. అమ్మాయికి ఏ మందు పడదు, ఏ టీకాలు వేయించాం, ఎవరింటికి వెళితే ఊరట పడుతుంది, ఎవరి ముందు ఏడవదు, వాళ్ళ నాన్న గురించి అడిగితే ఏం చెప్పాలి, ఇలాంటివన్నీ. 2007లో అమ్మాయికి పద్దెనిమిది నిండాక పాత వీలునామా మార్చడానికి కవరు విప్పాను. ఆ ఉత్తరం ఆమే చదివింది. "వంకాయ తినదు, బలవంతం చేయకు" అన్నచోట నవ్వింది. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. కాగితం మడిచి, ఇది నేను ఉంచుకుంటానంది.

ఇప్పుడామెకు ఒక బాబు. మొన్న సెలవులకు వచ్చినప్పుడు తన బ్యాగులోంచి ఒక కవరు తీసి నా బీరువాలో పెట్టి వెళ్ళింది. ఏమిటని నేను అడగలేదు.

మీ సందేహాలు సంఘం చిరునామాకు రాయండి. పేర్లు అచ్చు వేయం. వచ్చే సంచికలో, ఈసారి వాయిదా పడ్డ ఎండాకాలం ఖర్చుల లెక్క ఆషాఢంలో చెప్పుకుందాం, వచ్చే ఏటికి పనికొస్తుంది!